వెనుకకు మరలుటయు విద్యయే
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్ల గ్రంథాలయమునకు ఉత్సవము జరుగుచుండగా, కావ్యమునుగూర్చియో పురాణమునుగూర్చియో మాటలాడక, హెలికాప్టరు నడుపువారి శిక్షణమునుగూర్చి మాటలాడ బూనితినేమని కొందఱు ఆశ్చర్యపడవచ్చును. కారణము విన్నవించెదను. ఎన్నికలు వచ్చినప్పుడు మన పొలములమీదుగా పోవు హెలికాప్టరును చూచుటకు పిల్లలును పెద్దలును పరుగెత్తుదురు. వఱదలు వచ్చినప్పుడు అదే యంత్రము మేడలపై చిక్కుకొన్నవారికి అన్నము, నీళ్లు దింపును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఈ సాయమెట్టిదో లోకమెల్ల చూచినది. అది కూలినప్పుడు మాత్రము "విధివ్రాత" అని నిట్టూర్చి పత్రికను మడిచివేయుదుము. విధి అను మాటతో మనము మూసివేసిన పుటను మరల తెఱచి చదువుటయే నేటి నా ప్రయత్నము. చదువుటకే పుట్టిన సంస్థ యెదుట ఇది అప్రస్తుతము కాదని నా నమ్మకము.

2009 సెప్టెంబరు 2వ తేదీని మఱచిన తెలుగువారు లేరు. ఆ ఉదయము ఎనిమిదిన్నర దాటిన పిమ్మట, నాటి ముఖ్యమంత్రి డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమమునకై బెల్ 430 అను హెలికాప్టరులో బయలుదేరిరి. దానికి రెండు ఇంజనులు. నడుపుటకు ఇద్దఱు చోదకులు. గంట గడవకముందే దానితో సంబంధము తెగిపోయెను. నల్లమల అడవులలో వెదుకగా వెదుకగా, మఱునాటి ఉదయము పావురాలగుట్టపై శకలములు కనబడెను. అందున్న అయిదుగురును మరణించిరి.

ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము శకలములను పరిశీలించి, చోదకుల మాటలను భద్రపఱచిన యంత్రమును విని, జరిగినదానిని వరుసగా తేల్చెను. ఇంజను శక్తిని రెక్కలకు అందించు పళ్లచక్రముల పెట్టెలో నూనె ఒత్తిడికి సంబంధించిన హెచ్చరిక యొకటి కనబడినది. చోదకులు దానికి పరిహారమును వెదకుచు ఆఱు నిమిషములకు పైగా దానియందే మనసు నిలిపిరి. ఆ వ్యవధిలో యంత్రము భయంకరమైన వానమబ్బులలోనికి ప్రవేశించెను. ఆ మబ్బులనుండి నేలకు దుమికెడి బలమైన గాలి దానిని క్రిందికి ద్రోసెను. చివరి క్షణములలో రెండవ చోదకుడు, వచ్చిన దారి విడిచి పైకి మరలింపుమని మరల మరల కేకవేసినట్లు ఆ ధ్వనిలేఖనమందున్నది. అప్పటికి కాలము మించిపోయెను.

కాలధర్మము చెందిన ఆ చోదకులను నిందించుటకు నేనీ మాటలు చెప్పుటలేదు. వారనుభవము లేనివారు కారు. ఆ స్థానమున మఱియొకరున్నను అట్లే చేసియుండవచ్చును. దీపము వెలిగినచో దానినే చూచుట మానవస్వభావము. ఆ స్వభావమును ముందుగనే సవరించుటకే శిక్షణ మనునది యేర్పడినది. వైమానికులకు మొదటిదినమునుండి నేర్పు క్రమమొకటి కలదు: ముందు యంత్రమును ఎగురవేయుట, తరువాత దారి చూచుకొనుట, ఆ తరువాతనే తక్కిన మాటలు. ఇద్దఱున్నచోట ఒకరు హెచ్చరికను చూచుచుండగా మఱియొకరు ఆకాశమును విడువరాదు. చెప్పుటకు సులభము, ప్రాణము మీదికి వచ్చినప్పుడు చేతికి రావలెనన్న ఎన్నియో మారులు అభ్యసించియుండవలెను.

ఆ అభ్యాసమెట్టిదో తెలియవలెనన్న, యంత్రస్వభావము కొంచెము తెలియవలెను. చోదకుని ఎడమచేతిక్రింద ఒక మీట. దానిని పైకెత్తినచో పైరెక్కలన్నియు ఒక్కమారుగా వాలు మార్చుకొని యంత్రమును పైకి లేపును. కుడిచేతిలో ఒక కడ్డీ. దానిని ఏ దిక్కునకు వంచినచో ఆ దిక్కునకు పోవును. పాదములక్రింద రెండు తొక్కుడుబిళ్లలు. అవి తోకయందలి చిన్నరెక్కలను శాసించును. ఆ తోకరెక్క యెందుకన్న, మజ్జిగ చిలుకు ఇల్లాలిని చూచినచో తెలియును. కవ్వము తిరుగునప్పుడు కుండయు తిరుగబోవును. కుదురుమీద నుంచి అదిమి పట్టినగాని నిలువదు. అట్లే పైరెక్క ఒకవైపు తిరుగుచుండగా క్రింది దేహము ఎదురువైపు తిరుగజూచును. తోకరెక్క దానిని పట్టి నిలుపును. ఈ మూటిలో ఒకటి మార్చినచో తక్కిన రెండును వెంటనే సవరింపవలెను. కావుననే గాలిలో ఒక్కచోట కదలక నిలుచుట నేర్చువానికి మొదటి కఠినపరీక్ష. వేతనమునకు నడుపు చోదకుని అనుమతిపత్రమునకు పదునెనిమిదేండ్లు నిండియుండవలెననియు, 150 గంటలు హెలికాప్టరు నడిపియుండవలెననియు, గుర్తింపు పొందిన శిక్షణాలయమున క్రమముగ నేర్చినచో 100 గంటలు చాలుననియు అంతర్జాతీయ నియమము. ఇది గడప దాటుట మాత్రమే. ఇంటిలోని పని ఆ తరువాత నుండును.

ఇంజను ఆగినచో హెలికాప్టరు రాయివలె పడునని పలువురనుకొందురు. నిజము వేఱు. స్పెయిను దేశమున హువాన్ ద లా సియెర్వా అను ఇంజనీరుండెను. 1919లో ఆయన నిర్మించిన మూడు ఇంజనుల విమానము, నేలకు దగ్గఱగా వేగము కోల్పోయి కూలెను. ఆయన దానిని విధి అనుకొనలేదు. వేగము తగ్గినను పడని రెక్క యుండదా యని ఆలోచించెను. ఆ ఆలోచన ఫలించి, గాలికి తానై తిరుగు రెక్కలు గల ఆటోజైరో అను యంత్రము 1923 జనవరిలో ఎగిరెను. ఆ సూత్రమే నేడు హెలికాప్టరు చోదకుని ప్రాణరక్ష. ఇంజను ఆగిన ఒకటి రెండు సెకనులలో ఎడమచేతి మీటను దించివేయవలెను. అప్పుడు క్రిందనుండి వచ్చు గాలి రెక్కలను తిప్పుచుండును. కావ్యములలో కవులు మెచ్చిన మాధవీలత యొక్క మూడు రెక్కల కాయ గిరగిర తిరుగుచు మెల్లగా దిగుటను చూచినవారికి ఇది బోధపడును. నేల దగ్గఱపడగానే ముక్కు పైకెత్తి వేగము నణచి, చివరకు రెక్కలలో మిగిలిన తిరుగుడు బలమునంతయు ఆ మీటతో ఒక్కమారు వినియోగించి దింపవలెను. ఆ బలము ఒక్కమారే దొరకును. ముందుగా ఖర్చు చేసినవానికి నిలువ శూన్యము. దీనిని పుస్తకమున చదివినవాడు తెలిసినవాడు మాత్రమే. గురువు పక్కన నుండగా అనేక పర్యాయములు చేసినవాడు నేర్చినవాడు.

ఇంతటి రక్షణను లోకమునకు చూపిన ఆ సియెర్వాయే 1936 డిసెంబరు 9న లండను సమీపమందలి క్రాయిడనులో, దట్టమైన పొగమంచులో బయలుదేరిన విమానము కూలగా, ప్రయాణికుడుగా మరణించెను. యంత్రలోపమునకు మందు దొరకినను, కానరాని దారిలో సాగిపోవు మానవుని తొందరకు మందు వేఱుగా వెదకవలసియున్నదని ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

మబ్బులో చొచ్చినవానికి ఏమగునో వినుడు. మన చెవి లోపల మూడు సన్నని వంపుగొట్టములును, వానిలో ద్రవమును ఉన్నవి. తల తిరిగినట్లు మనకు తెలుపునవి యవియే. కాని మెల్లగా మొదలై కొంతసేపు ఒకే తీరున సాగు తిరుగుడును అవి కనిపెట్టలేవు. నేలయో ఆకాశపుటంచో కనబడుచున్నంతవఱకు కన్ను ఆ లోపమును దిద్దును. కన్నునకు తెలుపు తప్ప మఱేమియు కనబడనప్పుడు, దేహము చెప్పు అబద్ధమునే మనసు నమ్మును. పక్కకు వంగి దిగుచున్నవాడు నిటారుగ పోవుచున్నాననుకొనును.

1954లో అమెరికాయందలి ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. చిన్నవిమానము నడుపగల ఇరువదిమందిని, సూచికాయంత్రములను మాత్రమే చూచి నడుపుటలో శిక్షణ లేనివారిని తీసికొని, వెలుపల ఏమియు కానరాకుండ చేసి నడుపుమనిరి. ఇరువదిమందియు అదుపు కోల్పోయిరి. ఒకడు 20 సెకనులలో, మఱియొకడు 480 సెకనులలో. సగటున 178 సెకనులు. అనగా మూడు నిమిషములకు రెండు సెకనులు తక్కువ. కథ అంతటితో ముగిసినచో చెప్పవలసిన పనియే లేదు. ఆ శాస్త్రజ్ఞులు పిమ్మట వారికి ఒక చిన్న పద్ధతి నేర్పిరి: దేహమును నమ్మక సూచికను నమ్ముట, తొందరపడి లాగకుండుట, మెల్లగా సగము చుట్టు తిరిగి వచ్చినదారినే వెలుపలికి వచ్చుట. కొలదిపాటి అభ్యాసము తరువాత మరల పరీక్షింపగా వారు దాదాపు ప్రతిమారును క్షేమముగా మరలిరి. మనుష్యులు వారే, విమానము అదియే; నడుమ వచ్చినది శిక్షణ మొక్కటి. హెలికాప్టరునకు విమానముకంటె స్వాభావికముగా నిలకడ తక్కువ గనుక ఈ విద్య దాని చోదకునకు మఱింత యవసరము.

అనుభవజ్ఞునకు ఈ భయము లేదందురేమో. 2020 జనవరి 26న లాస్ ఏంజిలిస్ సమీపమున కొండలమీద మంచులో ఒక హెలికాప్టరు కూలి, ప్రసిద్ధ క్రీడాకారుడు కోబీ బ్రయంట్, అతని పదమూడేండ్ల కుమార్తె, మఱి ఏడుగురు మరణించిరి. ఆ చోదకునకు ఎనిమిదివేల గంటలకు పైగా అనుభవమున్నది. తాను పైకెక్కుచున్నానని ఆయన రేడియోలో చెప్పినప్పుడు యంత్రము నిజమునకు క్రిందికి దిగుచుండెను. 2021లో వెలువడిన విచారణ ఫలితమందు ఒక మాట కలదు: ప్రయాణికులు ఆయనను తొందరపెట్టినట్లు సాక్ష్యము లేదు, గొప్పవారిని గమ్యము చేర్చవలెనను ఒత్తిడిని ఆయనయే తనపై వేసికొనియుండును. అదే సంవత్సరము డిసెంబరు 8న నీలగిరులలో కూనూరువద్ద మన త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌గారి హెలికాప్టరు కూలి పదునాలుగుగురు అసువులు బాసిరి. వారిలో ఒక తెలుగు జవానును ఉండెను. లోయలో వాతావరణము అనుకొనకుండ మాఱుటచే యంత్రము మబ్బులో ప్రవేశించినదనియు, చోదకునకు దిక్కుతోచనిస్థితి కలిగినదనియు, యంత్రలోపముగాని కుట్రగాని నిర్లక్ష్యముగాని లేదనియు విచారణలో తేలెను. ఇక్కడ చూడుడు: యంత్రము మంచిదే, మనుష్యుడు సమర్థుడే, ఐనను మబ్బు మబ్బే.

ఇద్దఱు చోదకులున్నచోట మఱియొక విద్య కావలెను. కర్ణపర్వమును చదివినవారు జ్ఞాపకము చేసికొనుడు. కర్ణుడు నాగాస్త్రమును సంధించినప్పుడు, సారథియైన శల్యుడు, ఈ బాణము కంఠమునకు తగులదు, మరల సంధింపుమని చెప్పెను. మాట సరియైనదే. కాని అంతవఱకు అతడాడిన పరుషవాక్యములచే వారి నడుమ విశ్వాసము చెడియున్నది. కర్ణుడు తాను రెండవమారు సంధించువాడను కానని బాణము విడిచెను. ఎదుటిరథమున కృష్ణుడు రథమును అణగద్రొక్కగా అర్జునుడు బ్రతికెను. కిరీటము మాత్రమే పోయెను. ఒక రథమున చెప్పువాడు ఒప్పు చెప్పియు వినిపించుకొనలేకపోయెను. మఱియొక రథమున చెప్పవలసిన పనియే లేకపోయెను.

ఈ శల్యకర్ణుల కథ మన కాలమునను జరిగినది. 1977 మార్చి 27న కానరీ ద్వీపములలో తెనరిఫే విమానాశ్రయమున, మంచులో రెండు పెద్దవిమానములు నేలపైననే ఢీకొని 583 మంది మరణించిరి. ముందున్న విమానము దారి తొలగెనో లేదోయని రెండవ విమానమందలి ఇంజనీరు సందేహము వెలిబుచ్చెను. పెద్ద చోదకుడు తొలగినదే యని చెప్పి సాగెను. అంతకుమించి పట్టుపట్టువారు లేకపోయిరి. ఇట్టి ప్రమాదములను చూచి, 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పెద్దసభ జరిపిన తరువాత, సిబ్బంది పరస్పరము మాటలాడు విధమునకే ప్రత్యేక శిక్షణ లోకమంతట వచ్చెను. చిన్నవాడు భయము విడిచి చెప్పుట, పెద్దవాడు అహము విడిచి వినుట అందలి సారము. నేడు సిమ్యులేటరు అను కృత్రిమ యంత్రగదిలో ఇద్దఱిని కూర్చుండబెట్టి, మంటలు, మబ్బులు, ఇంజను ఆగుట మున్నగు ఆపదలన్నియు కల్పించి, వారు ఏమి చేసిరో కాక, ఒకరితో నొకరు ఏమి మాటలాడిరో కూడ పరీక్షింతురు. నేలమీద చచ్చి బ్రతికినవాడు ఆకాశమున బ్రతుకుట నేర్చును.

లెక్కలు వ్రాయు వృత్తివాడను గనుక ఒక సంగతి నన్ను మిక్కిలి ఆకర్షించినది. చిట్టాలో తేడా వచ్చినప్పుడు, ఎవడు తిన్నాడని కేకలు వేయుట యొక పద్ధతి. ఏ పద్దుదగ్గఱ తేడా మొదలైనదో వెదకుట మఱియొక పద్ధతి. మొదటిదానివలన జగడము, రెండవదానివలన లెక్క తేలును. విమానప్రమాద విచారణకు సంబంధించి 1951లో మొదట ఆమోదింపబడిన అంతర్జాతీయ నియమావళి రెండవ పద్ధతినే గ్రహించెను: విచారణకు ప్రయోజనము మరల జరుగకుండ చేయుటయే గాని నిందను పంచుట కాదు. మన దేశమున 2012లో ఇందుకై ప్రత్యేక విచారణ సంస్థ యేర్పడినది. నల్లపెట్టె యని మనము పిలుచునది నిజమునకు నారింజరంగు పెట్టె. శకలములలో కనబడుటకే ఆ రంగు. అగ్నికిని దెబ్బకును ఓర్చి, చనిపోయినవారి పక్షమున సాక్ష్యము చెప్పు చిట్టా యది.

రామాయణమున సంపాతి కథ యున్నది. జటాయువును సంపాతియు సూర్యునివఱకు పందెముగ ఎగిరిరి. తమ్ముడు సొమ్మసిల్లగా అన్న తన రెక్కలతో కప్పెను. రెక్కలు కాలి వింధ్యమున పడెను. ఎగురలేనివాడై యుండియు, సీత యెక్కడనున్నదో వానరులకు చెప్పినవాడు అతడే. పడినవాని మాటను ఓపికతో విన్నందున పోవలసినవారికి దారి దొరకెను. ప్రమాదవిచారణ యనగా సంపాతి మాట వినుటయే.

ఇక మన కర్తవ్యము. మబ్బు పట్టినప్పుడు నాయకుడు రాలేదని సభలో అలజడి చేయుదుము. వచ్చుచున్నాడని గంటలతరబడి ప్రకటింతుము. రానివాడు మాట తప్పినవాడని పరిహసింతుము. ఆ కేక చోదకుని చెవివఱకు పోకపోవచ్చును. కాని ఆ ఒత్తిడి మెట్టుమెట్టుగా పోయి ఆయన చేతిని చేరును. "వాతావరణము బాగులేదు, మరలిపోయిరి" అను వార్త వినినప్పుడు చప్పట్లు కొట్టు సభ యెన్నడు వచ్చునో, ఆనాడు ఆకాశమున సగము భద్రత నేలమీదనే సమకూరును.

హెలికాప్టరు దిగుచోట పాటింపవలసినవి కూడ కొన్ని చెప్పెదను; పిల్లలకు నేర్పుడు. తోకవైపునకు ఎన్నడును పోరాదు. అచట తిరుగు రెక్క వేగముచే కంటికి కానరాదు. చోదకుడు చూచి సైగ చేసిన తరువాతనే, ఎదుటనుండియో పక్కనుండియో, వంగి నడువవలెను. గట్టుపక్కన దిగినచో పల్లపువైపునుండియే చేరవలెను. మెరకవైపున పైరెక్క తలకు దగ్గఱగా తిరుగును. కండువాలు, గొడుగులు, పట్టాలు, గడ్డిపరకలు దూరముగ నుంచవలెను. లేచినవి రెక్కలలో చిక్కవచ్చును. దిగునేలను ముందుగ తడిపినచో దుమ్ము లేచి చోదకుని కన్ను కప్పదు. గుంపు దూరముగ నిలిచినంత ఆయనకు దిగుటకు చోటును, కాదనుకొన్నచో మరల లేచిపోవుటకు దారియు ఉండును.

చివరిమాట. ప్రమాదవిచారణ నివేదికలు రహస్యములు కావు. అనేకము ప్రజలకు అందుబాటులో నున్నవి. వానిని చదివి, సారమును తెలుగుచేసి, ఇట్టి గ్రంథాలయములలో నుంచు యువకులు ఈ గ్రామమునుండి రావలెనని నా కోరిక. వారిలో ఎవరైనను ఒకనాడు చోదకులై యెగిరినచో, ముందుకు పోవుటలోని శౌర్యముతోపాటు, తగినవేళ వెనుకకు మరలుటలోని శౌర్యమును ఇచటి పుస్తకములనుండియే నేర్చి యెగురుదురు గాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక.